ద లైన్, తూర్పు లండన్: పాత రేవుల నడుమ శిల్పాల బాట

లండన్ తూర్పు భాగంలో, స్ట్రాట్‌ఫర్డ్‌లోని ఒలింపిక్ పార్కు దగ్గర మొదలై, లీ నది గట్టు వెంట దక్షిణంగా దిగి, రాయల్ విక్టోరియా రేవు మీదుగా థేమ్స్ దాటి గ్రీనిచ్ ద్వీపకల్పంలో ముగిసే శిల్పాల బాటకు ‘ద లైన్’ అని పేరు. మూతపడ్డ గ్యాస్ కర్మాగారాలు, ఓడలు రావడం మానేసిన రేవులు, గోదాములు, షెడ్లు ఉన్న ఈ దారిలో అక్కడక్కడా సమకాలీన శిల్పాలను నిలిపి 2015 మే నెలలో జనానికి తెరిచారు. చూడడానికి టికెట్టు లేదు. ఉచితంగా దొరికేదానికి సమీక్ష ఎందుకని ఎవరైనా అనవచ్చు గాని, ఆదివారం పూట పిల్లలను వెంటబెట్టుకుని, లండన్ గాలికీ వానకూ ఓర్చి ఒక పూటంతా నడవడం కూడా ఖర్చే కాబట్టి, ఆ ఖర్చుకు తగ్గ ఫలం దక్కుతుందో లేదో చెప్పవలసిందే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: దక్షిణపు కొస తప్పకుండా చూడవలసినది, ఉత్తరపు కొస వీలుంటే చూడదగినది, నడుమ దారి తెగిపోయి ఉంది. శిల్పుల ప్రతిభలో హెచ్చుతగ్గులతో ఈ తేడాకు పెద్దగా సంబంధం లేదు. ఒక్కొక్క శిల్పాన్నీ ‘నువ్వు ఇక్కడే ఎందుకున్నావు?’ అని అడిగితే కొన్ని జవాబు చెబుతాయి, కొన్ని చెప్పలేవు.

ఎందుకు చెప్పలేవో తెలియాలంటే ఈ బాట పుట్టిన తీరు కొంత తెలియాలి. గ్యాలరీ నడిపిన మేగన్ పైపర్, పట్టణ పునరుద్ధరణ రంగంలో అనుభవమున్న క్లైవ్ డట్టన్ కలిసి దీనికి రూపకల్పన చేశారు. 2014లో ఇంటర్నెట్ ద్వారా చందాలు అడిగితే ఎనిమిది వారాల్లో 1,40,000 పౌండ్లకు పైగా పోగయ్యాయి. కొత్తగా శిల్పాలు చేయించాలంటే ఆ డబ్బు ఏ మూలకూ చాలదు. అయితే పెద్ద శిల్పాలకు ఒక చిక్కుంది: చేసినవారి దగ్గరా, గ్యాలరీల దగ్గరా అవి పెట్టడానికి చోటు లేక గోదాముల్లో మూలుగుతుంటాయి. వాటిని కొన్నేళ్ల గడువుకు అరువు తెచ్చి, ఎవరూ తిరగని నదీతీరంలో నిలబెడితే శిల్పానికి వెలుతురు, ఆ చోటుకు మనుషులు దక్కుతారన్నది ఆలోచన. తెలివైన ఆలోచనే. కాని అరువు సొమ్ములో ఉండే ఇబ్బంది దీనిలోనూ ఉంది. ఎక్కడో తెల్లగోడల మధ్య పెట్టడానికి చేసిన వస్తువును తెచ్చి గడ్డి మీద దించినంత మాత్రాన దానికీ ఆ నేలకూ చుట్టరికం కలవదు. గడువు తీరిన శిల్పాలు వెళ్లిపోతుంటాయి, కొత్తవి వస్తుంటాయి. అందువల్ల నేను చెప్పేవాటిలో కొన్ని మీరు వెళ్లేసరికి ఉండకపోవచ్చు, బయలుదేరే ముందు వారి పటం చూసుకోవడం మంచిది.

ఉత్తరాన ఒలింపిక్ పార్కులో అనీశ్ కపూర్, సెసిల్ బాల్మండ్ రూపొందించిన ఆర్సెలర్ మిత్తల్ ఆర్బిట్ ఉంది. 114.5 మీటర్ల ఎత్తు, ఎర్రటి ఉక్కు, 2012 ఒలింపిక్స్ కోసం లక్ష్మీ మిత్తల్ ఉక్కు సంస్థ ధనసహాయంతో లేచిన కట్టడం. 2016లో దానికి కార్స్టెన్ హోలర్ రూపకల్పనతో 178 మీటర్ల పొడవైన జారుడు గొట్టం తగిలించారు. పిల్లలకు అది సరదాగానే ఉంటుంది, దానికి మాత్రం టికెట్టు కొనాలి. ఒక శిల్పం కట్టిన నాలుగేళ్లకు దానికి జారుడుబల్ల అవసరమైందంటే ఆ శిల్పం గురించి నేను వేరే చెప్పేదేమీ లేదు. కింద నుంచి ఒకసారి తలెత్తి చూసి ముందుకు నడవండి.

త్రీ మిల్స్ దగ్గరికి వచ్చాక దారికి ఒక ముఖం ఏర్పడుతుంది. ఇక్కడి హౌస్ మిల్‌ను 1776లో కట్టారు. థేమ్స్ పోటు వచ్చినప్పుడు లీ నదిలోకి ఎదురెక్కే నీటిని ఆపి, పాటు సమయంలో వదిలి, ఆ ఉరవడికి చక్రాలు తిప్పి ధాన్యం పిండి పట్టేవారు. ఆ పిండిలో చాలా భాగం పక్కనే ఉన్న సారాబట్టీలకు జిన్ తయారీకి పోయేది. రెండో ప్రపంచ యుద్ధం దాకా అది ఏదో ఒక రకంగా పనిచేసింది. దీని పక్క పచ్చికలో 2020లో థామస్ జె. ప్రైస్ చేసిన ‘రీచింగ్ అవుట్’ అనే కంచు విగ్రహాన్ని నిలిపారు. తొమ్మిది అడుగుల ఎత్తున్న నల్లజాతి యువతి మామూలు బట్టలతో నిలబడి చేతిలో ఫోను చూసుకుంటూ ఉంటుంది. ఆమె రాణీ కాదు, వీరవనితా కాదు, అసలు ఎవరో ఒకరి పోలికే కాదు; పలువురిని చూసి కల్పించిన మనిషి. ఆ పచ్చిక మీదుగా స్టేషనుకు నడిచే ఆడవాళ్లలో అలా నిలబడి ఫోను చూసుకునేవారు ఏ పూటైనా కనబడతారు. సైన్యాధిపతులకూ ప్రభువులకూ మాత్రమే ఎత్తయిన దిమ్మెలు కట్టిన నగరంలో, దిమ్మె లేకుండా నేల మీద నిలిచిన ఈ విగ్రహం అరువుదే అయినా ఆ చోటికి అతికింది.

త్రీ మిల్స్ దాటి దక్షిణంగా నడిస్తే నదికి అవతల ఏడు పాత గ్యాస్ హోల్డర్లు కనబడతాయి. 1870లలో ఇంపీరియల్ గ్యాస్ కంపెనీ నిర్మించడం మొదలుపెట్టిన పోత ఇనుప స్తంభాల వలయాలవి, బొగ్గు నుంచి తీసిన గ్యాసును నిలవచేసే తొట్లకు చట్రాలు. లోపలి తొట్లు పోయాయి, ఖాళీ వలయాలు మాత్రం వారసత్వ కట్టడాలుగా రక్షణ పొంది నిలిచాయి. వీటి నీడన, ఇవతలి గట్టు మీద అబిగెయిల్ ఫాలిస్ చేసిన ‘డీఎన్ఏ డీఎల్90’ ఉంది. డీఎన్ఏ నిర్మాణాన్ని కనుగొన్న 50 ఏళ్ల సందర్భంగా 2003లో చేసిన ఈ శిల్పంలో 22 సూపర్‌మార్కెట్ ట్రాలీలు మెలికలు తిరిగిన జంట నిచ్చెనలా ఒకదాని మీద ఒకటి పైకి లేస్తాయి. దగ్గరికి వెళ్లి చూడండి: ప్రతి ట్రాలీకీ చక్రాలున్నాయి, చిన్నపిల్లలను కూర్చోబెట్టే మడత సీటు తీగలున్నాయి, పైకి పోయేకొద్దీ ఆ తీగల గళ్లలోంచి ఆకాశం ముక్కలుగా కనబడుతుంది. మన రక్తంలో ఇంకిపోయినది కొనుగోలు యావ ఒక్కటేనన్న ఎత్తిపొడుపు అందరికీ వెంటనే అందుతుంది, అందులో పెద్ద లోతు లేదు. కాని ఇంగ్లండులో కాలువల్లోకి, మురికి నదుల్లోకి జనం పారేసే వస్తువులలో ట్రాలీలు తరచూ కనబడతాయి. గ్యాలరీలో పెడితే ఇది చమత్కారంగా మిగిలేది. లీ గట్టున, పాటు సమయంలో బురద తేలిన నది పక్కన, ఆ బురదలోంచి లేచి వచ్చినట్టు కనబడుతుంది. అరువు శిల్పాల్లో ఇంతకంటే సరైన చోటు దొరికినది మరొకటి నాకు కనబడలేదు.

ఇంకొంత దూరంలో కోడీ డాక్ వస్తుంది. గ్యాస్ కర్మాగారానికి బొగ్గు పడవలు వచ్చి ఆగడానికి తవ్విన చిన్న రేవు ఇది. కర్మాగారం పోయాక చెత్తతో పూడిపోయింది. 2009 నుంచి స్థానికులు ఒక సంస్థగా ఏర్పడి, స్వచ్ఛందంగా వచ్చినవారి శ్రమతో చెత్త ఎత్తి, తోట వేసి, దారి తెరిచారు. టీ తాగడానికి చిన్న కేఫ్ ఉంది. ఇక్కడ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది శిల్పుల జాబితాలో లేని ఒక వంతెన. థామస్ రాండల్-పేజ్ రూపొందించిన ఈ చిన్న ఉక్కు వంతెన నడిచేవారికి మామూలు వంతెనే. పడవ వచ్చినప్పుడు మాత్రం గట్టున ఉన్న మరతో చేత్తో తిప్పితే, రెండు వైపులా కాంక్రీటు గోడల మీద ఎత్తుపల్లాలుగా పోసిన పట్టాలపై వంతెన మొత్తం దొర్లుతుంది. దొర్లి దొర్లి తలకిందులై, నడిచే పలక నెత్తి మీదికి వెళ్లి, కింద పడవకు దారి వస్తుంది. కరెంటుతో నడిచే మోటారు లేదు, బరువును సమతూకంగా అమర్చడం వల్ల మనిషి చేతి బలం చాలుతుంది. వంతెనను తిప్పే వేళకు అక్కడుండే అదృష్టం అందరికీ పట్టదు గాని, నిలిచి ఉన్నప్పుడు కూడా ఆ వంకర పట్టాలను చూసి అది ఎలా కదులుతుందో ఊహించుకోవచ్చు. దీనికి కొద్ది దూరంలోనే 2015లో డేమియన్ హర్స్ట్ ‘సెన్సేషన్’ను పెట్టారు: మనిషి చర్మం కోతను పాఠశాల నమూనా తరహాలో అనేక రెట్లు పెంచి, రంగులు వేసిన కంచు బొమ్మ. పత్రికల్లో పేరు పడడానికి హర్స్ట్ పేరు పనికివచ్చింది, దాన్ని కాదనను. అయితే ఆ చర్మం ముక్కకూ లీ నదికీ సంబంధమేమిటో ఎంత సాగదీసినా తేలదు. పేరుమోసిన శిల్పి బొమ్మ ఆ చోటికి ఏమీ కాకుండా పోయింది, చేత్తో తిప్పే వంతెన ఆ చోటికి సొంతమైంది.

కోడీ డాక్ దాటాక నదీతీరపు దారి ఆగిపోతుంది. ఈ సమీక్షలో నేను చెప్పదలచిన ప్రధానమైన లోపం ఇదే. అవతల పరిశ్రమల స్థలాలు అడ్డం రావడం వల్ల, నదిని వదిలి గోదాముల వీధుల్లోంచి స్టార్ లేన్ స్టేషనుకు వెళ్లి, డీఎల్ఆర్ (డాక్‌లాండ్స్ లైట్ రైల్వే) రైలెక్కి రాయల్ విక్టోరియాలో దిగాలి. రేఖ అని పేరు పెట్టుకున్న బాట నడిమధ్యలో తెగింది. నిర్వాహకులు దీన్ని దాచలేదు, పటంలోనే రైలు చూపిస్తారు. కాని ఆ తెగిన ముక్కలోనే ఈ ప్రాంతపు అసలైన చరిత్ర ఉంది. లీ నది థేమ్స్‌లో కలిసే మెలికల దగ్గర థేమ్స్ ఐరన్‌వర్క్స్ ఉండేది. బ్రిటన్ మొదటి ఇనుప కవచపు యుద్ధనౌక వారియర్ 1860లో అక్కడే నీటిలోకి దిగింది. ఆ ఓడల కర్మాగారపు కార్మికుల ఫుట్‌బాల్ జట్టే తరవాత వెస్ట్ హామ్ యునైటెడ్ అయింది, ఆ క్లబ్బు చిహ్నంలోని రెండు సుత్తులూ రివెట్లు కొట్టే సుత్తులే. ఒలింపిక్ స్టేడియంలో ఆ జట్టు ఆడుతున్న మ్యాచుకు పోయేవారికీ, ఆర్బిట్ కింద ఫొటోలు దిగేవారికీ మధ్య ఈ సంగతి చెప్పే శిల్పం ఒక్కటుంటే ఎంత బాగుండేది! అదే మెలిక పక్కన ఈస్టిండియా కంపెనీ ఓడల కోసం 1806లో తెరిచిన రేవు కూడా ఉంది. 1611లోనే మచిలీపట్నంలో కొట్టు తెరిచిన కంపెనీ అది. డీఎల్ఆర్‌లో ఈస్ట్ ఇండియా అనే స్టేషను పేరు చదివినప్పుడు కృష్ణాతీరం వాళ్లకు కలిగే తలపు ఇంకెవరికీ కలగదు.

రాయల్ విక్టోరియా రేవు 1855లో మొదలై, 1981లో రాయల్ రేవులన్నిటితో పాటు సరుకు ఓడలకు మూతపడింది. ఓడలు పెద్దవై, కంటైనర్లు వచ్చి, వ్యాపారం నది దిగువకు తరలిపోవడంతో ఇక్కడి కూలీల వీధులు ఒక తరంలో ఖాళీ అయ్యాయి. గట్టున పాత క్రేన్లు వరుసగా నిలిచే ఉన్నాయి. బాట తెరిచిన తొలి రోజుల్లో ఈ రేవు పక్కన ఎడ్వార్డో పావొలొట్సీ చేసిన ‘వల్కన్’ ఉండేది, సగం మనిషీ సగం యంత్రమూ అయిన కొలిమి దేవుడు. ఎంచుకోవడంలో తప్పు లేదు, ఇనుము మోసిన రేవుకు కొలిమి దేవుడు తగినవాడే. అయినా ఆ క్రేన్ల ముందు ఏ దేవుడైనా చిన్నబోతాడు. నీటి మధ్య తేలే చిన్న వేదిక మీద నిలిచిన లారా ఫోర్డ్ ‘బర్డ్ బాయ్’ మాత్రం ఆ పోటీకి పోలేదు. పక్షి వేషం వేసుకున్న పిల్లవాడు, దగ్గరికి పోయే వీలు లేదు, చుట్టూ నీరు, వెనక హోటళ్లు, ప్రదర్శనశాల. అంత పెద్ద నీటి పరపులో అంత చిన్న బొమ్మను పెట్టిన ధైర్యం నాకు నచ్చింది.

నది దాటడానికి తీగ మీద నడిచే పెట్టెలున్నాయి. 2012లో మొదలైన ఈ కేబుల్ కారు సుమారు 90 మీటర్ల ఎత్తున, కిలోమీటరు పొడవున సాగుతుంది. దీనికి వేరే టికెట్టు కావాలి, నడక ఉచితమన్న మాటలో అది ఒక మెలిక. లారీ అకియాంపాంగ్ ఈ ప్రయాణం కోసం ‘సాంకో-టైమ్’ అనే ధ్వనికృతి చేశారు, ఫోనులో విని వెళ్లవచ్చు. ఎత్తు భయం ఉన్నవారు జూబిలీ లైను భూగర్భ రైలులో నది కిందుగా వెళ్లడమే మేలు.

అవతలి ఒడ్డున అడుగుపెట్టగానే నాణ్యం మారిపోతుంది. గ్రీనిచ్ ద్వీపకల్పంలో ఒకప్పుడు యూరప్‌లోనే అతిపెద్ద గ్యాస్ కర్మాగారాల్లో ఒకటి ఉండేది. అది పోయాక విషపదార్థాలు ఇంకిన నేలను శుభ్రం చేసి, మిలీనియం డోమ్ అనే పెద్ద ప్రదర్శనశాల కట్టి, దాని చుట్టూ నిలపడానికి కొన్ని శిల్పాలను ప్రత్యేకంగా చేయించారు. నది పక్కన ఉన్న రెండు గొప్ప శిల్పాలూ అప్పటివే, 2000 సంవత్సరానివి. అంటే ‘ద లైన్’కు పదిహేనేళ్లు పెద్దవి. బాట వాటిని తనలో కలుపుకుంది, అంతే. ఆంటొనీ గోర్మ్లీ ‘క్వాంటం క్లౌడ్’ 30 మీటర్ల ఎత్తు, ఆయన ఉత్తర ఇంగ్లండులో నిలిపిన ‘ఏంజెల్ ఆఫ్ ద నార్త్’ కంటే పది మీటర్లు ఎక్కువ. ఉక్కు ముక్కలు అన్ని దిక్కులకూ చెదిరి ఒకదాన్నొకటి పట్టుకున్నట్టుంటాయి. మధ్యలో ముక్కలు చిక్కబడిన చోట మనిషి ఆకారం ఉంది, కాని నిలబడి వెతికితే దొరకదు. గట్టు వెంట నడుస్తూ ఉంటే ఒక చోట స్పష్టంగా కనబడి, పది అడుగులు వేసేసరికి మళ్లీ ఇనుప పొగలో కలిసిపోతుంది. నడకలోనే తెలిసే శిల్పం ఇది, అందుకే నడక బాటకు ఇంతకంటే సరిపడేది లేదు.

మరికొంత ముందుకు పోతే రిచర్డ్ విల్సన్ ‘ఎ స్లైస్ ఆఫ్ రియాలిటీ’. ఈ ఒక్కదాని కోసమైనా రావచ్చు. ఆర్కో ట్రెంట్ అనే ఇసుక తవ్వే ఓడను కొని, పొడవులో 85 శాతం కోసి తీసేసి, మిగిలిన 15 శాతాన్ని నది ఒడ్డున బురదలో నిలువుగా నిలబెట్టారు. ముందుభాగం లేదు, వెనకభాగం లేదు. ఓడను నడిపే గది, సిబ్బంది ఉన్న గదులు, యంత్రాల గది ఒకదాని కింద ఒకటి అల్మరా అరల్లా ఉన్నాయి. కోసిన అంచుల నుంచి తుప్పు గీతలుగా కిందికి కారింది, ఏటికేడాది ఆ గీతలు ముదురుతున్నాయి. పోటు సమయంలో నీళ్లు దాన్ని చుట్టుముడతాయి, అప్పుడది ఓడ. పాటు సమయంలో బురదలో మిగులుతుంది, అప్పుడది తుక్కు. పాత ఓడలను విరిచి ఇనుము అమ్ముకునే పని థేమ్స్ తీరంలో ఎన్నో దశాబ్దాలు సాగింది కాబట్టి, ఓడను కోయడమన్నది ఇక్కడ శిల్పి కొత్తగా తెచ్చిన పనేమీ కాదు. కోసి, అమ్మకుండా వదిలేయడం మాత్రమే ఆయనది. జాలి పుట్టించే ప్రయత్నం లేదు, గతాన్ని మెచ్చుకునే ఉపన్యాసం లేదు. పాటు వేళలు చూసుకుని, నీరు తగ్గే సమయానికి చేరితే రెండు రూపాలూ చూడవచ్చు.

అలెక్స్ చినెక్ ‘ఎ బులెట్ ఫ్రమ్ ఎ షూటింగ్ స్టార్’ 2015 నాటిది: 35 మీటర్ల హైటెన్షన్ కరెంటు టవరును తలకిందులు చేసి, మొనను నేలలో దించి, ఒరగబెట్టారు. గ్యాసూ విద్యుత్తూ తయారైన నేల మీద ఆకాశం నుంచి వచ్చి గుచ్చుకున్నట్టుండే ఈ ఉక్కు చట్రాన్ని చూసి పిల్లలు ముందు నవ్వుతారు, తరవాత అది పడిపోదేమని అడుగుతారు. పదిహేను టన్నుల బరువు ఒరిగి ఎలా నిలిచిందన్నది పెద్దలకూ తోచే ప్రశ్నే. థామ్సన్, క్రేగ్‌హెడ్ జంట చేసిన ‘హియర్’ చూడడానికి అర నిమిషం చాలు: సున్నా రేఖాంశం మీద నిలిపిన మామూలు రోడ్డు బోర్డు, దాని మీద ‘ఇక్కడికి 24,859 మైళ్లు’ అన్న అర్థం వచ్చే రాత. ధ్రువాల మీదుగా భూమి చుట్టూ తిరిగి మళ్లీ ఇక్కడికే రావడానికి పట్టే దూరం అది. నన్ను అడిగితే ఈ బాట మొత్తంలో అతి తక్కువ ఇనుముతో అతి ఎక్కువ పని చేసిన శిల్పం ఇదే. ఘానా కళాకారుడు సెర్జ్ అట్టుక్వేయి క్లాటీ 2022లో నిలిపిన ‘ట్రైబ్ అండ్ ట్రిబ్యులేషన్’ పాత చేపల పడవల కలపతో చేసిన అయిదున్నర మీటర్ల స్తంభం. పశ్చిమ ఆఫ్రికా తీరంతో ఈ నదికి ఉన్న పాత లెక్కలు తెలిసినవారికి ఆ కలప వేరే వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది.

నిర్లక్ష్యానికి గురైన ప్రాంతానికి కళ ప్రాణం పోసిందని ఇలాంటి బాటల గురించి రాస్తుంటారు. ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. స్టార్ లేన్ చుట్టుపక్కల వీధుల్లో లారీలు ఎక్కించేవారు, వెల్డింగు చేసేవారు, కూరగాయల పెట్టెలు దించేవారు రోజూ పనిలోనే ఉన్నారు. వారాంతంలో తిరగడానికి వచ్చేవారి కంటికి మాత్రమే అది పాడుబడ్డ చోటు. శిల్పాలు వచ్చిన ఈ పదేళ్లలోనే రెండు కొసల్లోనూ ఎత్తైన ఫ్లాట్లు లేచాయి, గ్యాస్ హోల్డర్ల చట్రాల లోపల కూడా ఇళ్లు కట్టే ప్రణాళిక ఉంది. ఫ్లాట్లు శిల్పాల వల్ల వచ్చాయనడం అన్యాయం, అవి ఒలింపిక్స్‌తోనూ కొత్త రైలు మార్గాలతోనూ వచ్చాయి. కాని అమ్మకపు కరపత్రాల్లో ఆ శిల్పాలు తప్పక కనబడతాయి. కోడీ డాక్‌లో ముందు చెత్త ఎత్తి, దారి వేసి, తరవాత కళకు చోటిచ్చారు. తక్కిన చోట్ల కూడా ఆ వరుసే పాటించి, కోడీ డాక్ నుంచి థేమ్స్ దాకా దారి పూర్తయ్యేదాకా మరో కొత్త శిల్పం తేకపోయినా నేను ఫిర్యాదు చేయను.

ఈస్ట్ హామ్, మేనర్ పార్కు ప్రాంతాల్లో ఉండే తెలుగు కుటుంబాలకు ఈ బాట ఇంటి పక్కనే. ఈస్ట్ హామ్‌లో డిస్ట్రిక్ట్ లైను ఎక్కితే నాలుగో స్టేషను బ్రొమ్లీ-బై-బో, అక్కడి నుంచి త్రీ మిల్స్ కొద్ది నిమిషాల నడక. చుట్టాలు ఊరి నుంచి వచ్చినప్పుడు టవర్ బ్రిడ్జి, బకింగ్‌హామ్ రాజభవనం అయ్యాక ఏం చూపించాలని తల గోక్కునేవారికి ఇది మంచి మార్గం. పెద్దవయసు వారికి మొత్తం నడక ఎక్కువవుతుంది, వారిని నేరుగా నార్త్ గ్రీనిచ్ స్టేషనులో దింపి ‘క్వాంటం క్లౌడ్’ నుంచి ‘స్లైస్ ఆఫ్ రియాలిటీ’ దాకా గట్టు మీద నడిపిస్తే చాలు, దారి చదునుగా ఉంటుంది. కోడీ డాక్ గేట్లు సాయంత్రం మూసేస్తారు కాబట్టి ఉత్తరం నుంచి బయలుదేరేవారు ఉదయమే మొదలుపెట్టాలి. దారిలో తిండి దొరికే చోట్లు తక్కువ, పులిహోర పొట్లం కట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు. అయిదు నక్షత్రాల లెక్కలో ద్వీపకల్పానికి అయిదు, లీ గట్టుకు మూడున్నర ఇస్తాను; నడుమ రైలు ప్రయాణానికి డీఎల్ఆర్ టికెట్టు ధర మాత్రమే.